మాయమైన బొమ్మలు

జంగారెడ్డిగూడెంలో ఒక పరిశోధకురాలు గడిపిన రాత్రి ఇది. ఇలాంటి చిక్కులో పడ్డవారి అనుభవాలను కలిపి ఒకరి కథగా అల్లాం. అందుకే మనుషులకు పేర్లు పెట్టలేదు. చరిత్ర, సాంకేతిక వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

"రేపు సాయంత్రం అయిదింటికి గడువు అయిపోతుంది బాబాయిగారూ."

లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే అంది ఆమె. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. జంగారెడ్డిగూడెం బస్టాండు దగ్గర ఒక డీటీపీ షాపు. షట్టరు సగం దించిన యజమాని అక్కడే ఆగిపోయాడు.

"అయిదు కాపీలు బైండింగ్ అన్నావు కదమ్మాయ్. పేజీలిచ్చెయ్యి, మిషన్ ఎక్కించేస్తాను. తెల్లారినా ఫర్వాలేదు."

"పేజీలున్నాయండీ. బొమ్మలే లేవు."

ఆయన కళ్లజోడు సర్దుకుని వెనకనుంచి తొంగిచూశాడు. నాలుగో అధ్యాయం. పేజీలో పైన రెండు పేరాలు, కింద రెండు పేరాలు, మధ్యలో జానెడు తెల్లటి ఖాళీ. ఆ ఖాళీ కింద పొందిగ్గా ఫిగర్ 4.2 అని నంబరు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ పై వరసలోనూ కింది వరసలోనూ వేడి ఎంతుందో చెప్పే రెండు లైన్ల వివరణ. గ్రాఫు ఉండాల్సిన చోట గీత ముక్క కూడా లేదు. తరువాతి పేజీలోనూ అంతే. ఆ తరువాత కూడా.

ఆమె ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. తండ్రి వర్జీనియా పొగాకు రైతు. ఈ మెట్టలో పొగాకు పండించే ఇంట్లో పుట్టిన పిల్లలకు బ్యారన్ కొత్త కాదు. పచ్చి ఆకు కర్రలకు కట్టి లోపల వేలాడదీస్తారు. ఆకు పసుపెక్కేదాకా నలభై డిగ్రీలకు మించకుండా సన్నటి వేడి పెట్టాలి. తరువాత ఆకు ఆరాలి. చివరికి ఈనె ఆరడానికి డెబ్బై డిగ్రీల దాకా తీసుకుపోవాలి. ఎక్కడ తొందరపడ్డా రంగు చెడుతుంది, వేలం కేంద్రంలో ధర పడిపోతుంది. అందుకే రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని కట్టెలు ఎగదోస్తూ కూర్చుంటారు. ఆ కట్టెలు ఎలా ఆదా చెయ్యొచ్చన్నదే ఆమె పరిశోధన. సీజన్ల తరబడి బ్యారన్ లోపల రీడింగులు తీసుకుంది. వాటిని గ్రాఫులుగా గీసింది. థీసిస్‌కి ప్రాణం ఆ గ్రాఫులే. ఇప్పుడు కనిపించనివీ అవే.

గ్రాఫులు ఇలా చడీచప్పుడు లేకుండా మాయమైతే, ఫొటోలది ఇంకో గొడవ. బ్యారన్ ఫొటో ఉన్న పేజీ దగ్గరకు రాగానే పని ఆగిపోయి తెరమీద ఒక వరుస పడుతోంది: "కెనాట్ డిటర్మిన్ సైజ్ ఆఫ్ గ్రాఫిక్... నో బౌండింగ్ బాక్స్." బొమ్మ సైజు తెలియడం లేదు, దాని కొలతల పెట్టె దొరకలేదు అని దాని భావం.

"ఫొటో ఇదిగో, డబుల్ క్లిక్ చేస్తే ఎంచక్కా తెరుచుకుంటోంది" అంది ఆమె విసుగ్గా. "సైజు తెలియకపోవడమేంటండీ?"

వడ్డించేది ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే 1977కి వెళ్లాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ క్నూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తన పుస్తకం రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసుకుని మనసు పాడు చేసుకున్నాడు. సీసం అక్షరాలతో అచ్చయిన పాత కూర్పు అందం కొత్త ఫొటో టైప్‌సెట్టింగ్‌లో లేదు. గణితం అచ్చు వేయడానికి తనే ఒక ప్రోగ్రామ్ రాస్తానని కూర్చున్నాడు. ఏడాదిలో తెమిలిపోతుందనుకున్న పని సుమారు పదేళ్లు పట్టింది. అదే టెక్. దాన్ని మామూలు వాళ్లు తేలిగ్గా వాడుకునేలా 1980లలో లెస్లీ లాంపోర్ట్ చేసింది లేటెక్. ఇది వర్డులా ఉండదు. ఇక్కడ అధ్యాయం, ఇక్కడ సమీకరణం, ఇక్కడ ఫలానా బొమ్మ అని మాటల్లో ఆదేశాలు రాస్తే అదే పేజీలు కడుతుంది. లెక్కల వాళ్లు, భౌతికశాస్త్రం వాళ్లు, ఇంజినీరింగ్ వాళ్లలో చాలామంది ఇప్పటికీ థీసిస్‌లకు, పరిశోధన పత్రాలకు నమ్ముకున్నది దీన్నే. ఆమె థీసిస్ కూడా ఇందులోదే.

క్నూత్ అక్షరం గురించి ఎంతో ఆలోచించాడు. ఏ ప్రింటరు మీదైనా ఒకేలా రావాలని కోరుకున్నాడు. అందుకని టెక్ నేరుగా ఏ ప్రింటరుతోనూ మాట్లాడదు. ఏ అక్షరం పేజీ మీద ఎక్కడ కూర్చోవాలో డీవీఐ అనే ఫైలులో రాసి పెడుతుంది. ఆ ఫైలు రూపాన్ని 1979లో డేవిడ్ ఫుక్స్ తయారుచేశాడు. దాన్ని చదివి ఫలానా ప్రింటరుకు తగ్గట్టు మార్చే ప్రోగ్రామ్ వేరే ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. మరి బొమ్మల సంగతో? బొమ్మ లోపల ఏముందో టెక్‌కి తెలియదు, తెలియనక్కరలేదు. అది చేసేది రెండే పనులు: బొమ్మకు కావలసినంత చోటు వదలడం, "ఇక్కడ ఫలానా ఫైలు పెట్టు" అని డ్రైవర్‌కు చీటీ రాయడం. ఆ చీటీకి టెక్‌లో స్పెషల్ అని పేరు.

పెళ్లి పంక్తిలో ఆకు వేసినవాడు బూరెకు చోటు వదిలి, బూరెలు తెచ్చేవాణ్ని పేరు పెట్టి కేకేసినట్టు. ఆ పేరుగలవాడు పంక్తిలో ఉంటే బూరె పడుతుంది. వాడు ఈ పెళ్లికే రాలేదనుకోండి, ఆకులో చోటు ఖాళీగానే ఉంటుంది.

1984లో అడోబీ సంస్థ పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష తెచ్చింది. అక్షరమైనా బొమ్మైనా ప్రింటరుకు అందులోనే వర్ణించి చెప్పొచ్చు. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ జంటగా వచ్చి డీటీపీ యుగానికి తలుపులు తీశాయి. పోస్ట్‌స్క్రిప్ట్ భాషలోనే ఒక్క బొమ్మను విడిగా దాచుకునే రూపం ఈపీఎస్. టామస్ రోకికీ రాసిన డీవిప్స్ అనే డ్రైవర్, డీవీఐ ఫైలునూ ఈపీఎస్ బొమ్మలనూ కలిపి పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చేది. ఏళ్ల తరబడి శాస్త్రలోకం నడిచింది ఈ దారినే. అందులో బొమ్మంటే ఈపీఎస్. జేపీజీ ఫొటోకు ఆ పంక్తిలో చోటు లేదు.

1993లో అడోబీయే పీడీఎఫ్ తెచ్చింది. ఆ తరువాత చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో, మసారిక్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న హాన్ తె తాన్ అనే వియత్నాం విద్యార్థి, డీవీఐ మజిలీ అక్కరలేకుండా టెక్ నుంచి నేరుగా పీడీఎఫ్ తీసే ప్రోగ్రామ్ చేశాడు. అదే పీడీఎఫ్‌టెక్; లేటెక్‌తో కలిస్తే పీడీఎఫ్ లేటెక్. ఈ కొత్త దారి జేపీజీని, పీఎన్‌జీని, పీడీఎఫ్ బొమ్మను చక్కగా తీసుకుంటుంది. ఈపీఎస్‌ను మాత్రం నేరుగా తీసుకోదు.

పాత దారిలో ఫొటోకు చోటు లేదు, కొత్త దారిలో ఈపీఎస్‌కు చోటు లేదు. జంగారెడ్డిగూడెంలో ఆ రాత్రి ఆమె చేతిలో రెండు రకాలూ ఉన్నాయి.

అడగాల్సిన ప్రశ్న

హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసింది. "పీడీఎఫ్ లేటెక్‌తో నడుపు, అన్నీ సర్దుకుంటాయి" అంది అవతలి గొంతు.

"నడుపుతున్నది దాంతోనే కదే!"

అక్కడే ఉంది అసలు చిక్కు. కొత్త దారిలో వెళుతుంటే జేపీజీ ఫొటో దర్జాగా రావాలి. కొలతల పెట్టె లేదన్న ఫిర్యాదు పాత దారిది. కొత్త దారిలో పోతున్న బండి మీద పాత దారి ఫిర్యాదు ఎందుకు పడుతోంది?

జేపీజీని పీఎన్‌జీ చేసి చూసింది. అదే మాట. బొమ్మలన్నీ వేరే ఫోల్డరులోకి మార్చింది. అదే మాట. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కిద్దామని సిద్ధపడింది. పదకొండయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

యజమాని ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆయనకు లేటెక్ ముక్క కూడా రాదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖల దగ్గర్నుంచి దేవస్థానం కరపత్రాల దాకా వేసి తల నెరిసిన మనిషి.

"తల్లీ, నాకు నీ భాష తెలియదు. ఒక్కటి అడుగుతాను. ఈ ఫైలు ఏ ప్రింటరు కోసం కట్టింది?"

"ప్రింటరేంటండీ? ఇది పీడీఎఫ్‌కి."

"అది నువ్వనుకుంటున్నావు. ఫైలు ఏమనుకుంటోంది? పేజ్‌మేకర్‌లో పని మొదలెట్టేముందు 'కంపోజ్ టు ప్రింటర్' అని ఉండేది. ఏ ప్రింటరుకి కడుతున్నామో అక్కడ చెప్పాలి. వేరే ఊళ్లో వేరే ప్రింటరుకి కట్టిన ఫైలు నా దగ్గర తెరిస్తే లైన్లు జరిగిపోయేవి. బొమ్మలైతే లింకు తెగి, మసక మసగ్గా వచ్చేవి. ముందు అది చూసేవాళ్లం, తరవాతే బొమ్మ జోలికి పోయేవాళ్లం. నీ దాంట్లో అలాంటి మాట ఎక్కడా లేదా?"

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. ఫైలు మొదటికి వెళ్లింది. కాగితం సైజు, మార్జిన్లు, ఫాంట్లు, ఎవరో సీనియర్ ఏళ్ల కిందట రాసిపెట్టుకున్న వరసలు. డిపార్ట్‌మెంటులో చేతులు మారుతూ తన దాకా వచ్చిన నమూనా ఫైలు అది. అందరూ దాన్నే వాడారు కాబట్టి తనూ చదవకుండా వాడింది. వాటి మధ్యలో బొమ్మలు తెచ్చే ప్యాకేజీని పిలిచే వరుస కనబడింది. గ్రాఫిక్‌ఎక్స్ దాని పేరు. డేవిడ్ కార్లైల్, సెబాస్టియన్ రాట్జ్ రూపొందించింది అది, లేటెక్‌లో బొమ్మ చేర్చేవాళ్లు దాదాపు అందరూ పిలిచేదే. దాని ముందు చదరపు బ్రాకెట్లలో ఇంకొక్క మాట ఉంది.

డీవిప్స్.

ఆ సీనియర్ కాలంలో అది అవసరమే. ఆయన పాత దారిలో వెళ్లాడు. ఇప్పుడు ఆమె నడుపుతున్నది పీడీఎఫ్ లేటెక్. ఆ ఒక్క మాట వల్ల బొమ్మల చీటీలన్నీ డీవిప్స్ పేరున వెళుతున్నాయి. ఆ పేరుగలవాడు ఈ దారిలో లేడు. ఈపీఎస్ గ్రాఫులకు చోటు వదిలి చీటీ రాస్తోంది, దాన్ని అందుకునేవాడు లేక ఖాళీ మిగిలిపోతోంది. జేపీజీ దగ్గర డీవిప్స్ పద్ధతిలో కొలతల పెట్టె కోసం వెతికి, దొరక్క ఆగిపోతోంది.

ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ తన మాటలన్నీ రాసిపెట్టే లాగ్ ఫైలును ఆమె తెరిచి వెతికింది. అదీ అక్కడే ఉంది, వందలాది వరసల మధ్య: "నాన్ పీడీఎఫ్ స్పెషల్ ఇగ్నోర్డ్." పీడీఎఫ్‌కి పనికిరాని చీటీ వచ్చింది, పక్కన పడేశాను అని. ప్రోగ్రామ్ సాయంత్రం నుంచీ చెబుతూనే ఉంది, ఎవరూ చదవలేదు.

బ్రాకెట్లతో సహా ఆ మాట తుడిచేసింది. ఏ పేరూ రాయకపోతే, తనను ఏ ప్రోగ్రామ్ నడుపుతోందో గ్రాఫిక్‌ఎక్స్ తనే కనిపెట్టి తగిన డ్రైవర్‌ను ఎంచుకుంటుంది. మళ్లీ నడిపింది.

బ్యారన్ ఫొటో వచ్చింది. గ్రాఫులూ వచ్చాయి. 2010 నుంచి టెక్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్ లేటెక్ ఈపీఎస్ ఎదురైతే వెనకాల దాన్ని పీడీఎఫ్‌గా మార్చుకుని వాడుకుంటోంది. ఆ వెసులుబాటు ఎప్పటినుంచో ఉంది. దారికి అడ్డంగా ఉన్నది ఆ పాత మాటే.

నాలుగు అంకెలు

సంతోషం ఒక్క గ్రాఫు దగ్గర ఆగింది. మిగతావన్నీ నిండుగా ఉంటే, ఒక గ్రాఫు మాత్రం తపాలా బిళ్లంత అయిపోయి పేజీలో ఒక మూల కూర్చుంది. చుట్టూ ఎడారంత తెలుపు.

ఈసారి ఆమె కంగారుపడలేదు. ఈపీఎస్ ఫైలు కాపీ ఒకటి తీసి నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. ఈపీఎస్ లోపల ఉండేది చాలావరకు చదవగలిగే అక్షరాలే. పైనుంచి కొన్ని వరసల్లోనే, రెండు శాతం గుర్తులతో మొదలయ్యే బౌండింగ్ బాక్స్ వరుస ఉంటుంది. దాని పక్కన నాలుగు అంకెలు. మొదటి రెండూ బొమ్మ ఎడమ అడుగు మూల, చివరి రెండూ కుడి పై మూల. అంగుళానికి 72 చొప్పున లెక్క. ఆ ఫైలులో 0, 0, 595, 842 అని ఉంది.

"అది ఏ4 కాగితం కొలత కదూ" అన్నాడు యజమాని వెంటనే. నిజమే. గ్రాఫు గీసిన సాఫ్ట్‌వేర్ గ్రాఫు అంచులు రాయకుండా కాగితం అంచులు రాసి ఊరుకుంది. పేజీ వెడల్పుకు సరిపెట్టమని లేటెక్‌కు చెబితే, అది కాగితమంతటినీ సరిపెట్టింది. అందులో గ్రాఫు ఎంత ఉంటే అంతే మిగిలింది. గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఈపీఎస్ ఇస్తే సిరా పడే చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొలిచి నాలుగు అంకెలు చెబుతుంది. ఆమె ఆ అంకెలు రాసి సేవ్ చేసింది. గ్రాఫు ఒళ్లు విరుచుకుని పేజీ నిండా పరుచుకుంది. పై వరస వేడి ఎక్కడ మొదలైంది, కింది వరస దాన్ని ఎప్పుడు అందుకుంది, గీతలు రెండూ స్పష్టంగా కనబడ్డాయి.

ఒకే పరిశోధన, మూడు గమ్యాలు

అర్ధరాత్రి దాటాక మొదటి కాపీ మిషన్ ఎక్కింది. పేజీలు వస్తుండగా ఆయన ఒక ఫొటో పట్టుకుని పెదవి విరిచాడు. "ఇది వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కదమ్మాయ్?"

అవును. తమ్ముడు బ్యారన్ దగ్గరనుంచి పంపింది. తెరమీద బాగానే ఉంది. కాగితం మీద ఇటుకల అంచులు కరిగిపోయాయి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఆరంగుళాల వెడల్పు ఫొటోకు 1800 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపితే అసలు సైజులో వస్తుంది. తమ్ముణ్ని నిద్రలేపి మళ్లీ పంపించుకుంది.

థీసిస్ పీడీఎఫ్ ఒక గమ్యం. కాగితం రెండోది. మూడోది ఒక విదేశీ పత్రిక. ఇదే పరిశోధన మీద ఆమె రాసిన పత్రం మూల ఫైళ్లతో సహా పంపాలి, బొమ్మలన్నీ ఈపీఎస్‌లో ఉండాలి. వాళ్లు ఇంకా పాత దారినే నడుపుతున్నారు. అంతకుముందు పంపినప్పుడు ఒక బొమ్మ దొరకలేదని తిప్పికొట్టారు. ఇంట్లో విండోస్‌లో చక్కగా వచ్చిన బొమ్మే అది. ఇప్పుడు కారణం కనబడింది. ఫైలు పేరు పెద్ద అక్షరాలతో ఉంది, ఆదేశంలో చిన్న అక్షరాలతో రాసింది. విండోస్ ఆ తేడా పట్టించుకోదు. అవతలి సర్వర్ లినక్స్ అయితే ఆ రెండూ వేరు వేరు పేర్లు.

ఆ తెల్లవారుజామున ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా. ప్రతి గ్రాఫుకూ ఒకే పేరుతో రెండు రూపాలు, ఒకటి ఈపీఎస్, ఒకటి పీడీఎఫ్. ఫొటోలకు అసలు జేపీజీ, పత్రిక కోసం ఈపీఎస్ కాపీ. థీసిస్‌లోనూ పత్రంలోనూ బొమ్మను పిలిచేటప్పుడు పేరు మాత్రమే, చివర చుక్క పెట్టి రకం రాయదు. అలా వదిలేస్తే పాత దారిలో నడిపినప్పుడు లేటెక్ ఈపీఎస్‌ను, కొత్త దారిలో పీడీఎఫ్‌ను లేదా జేపీజీని తనే ఏరుకుంటుంది. రచన ఒక్కటే. ఒక్క అక్షరం మార్చకుండా రెండు దారుల్లోనూ వెళుతుంది. గ్రాఫును మాత్రం జేపీజీగా దాచనని నిశ్చయించుకుంది. జేపీజీ ఫొటోల కోసం పుట్టింది. సన్నటి గీతల చుట్టూ, చిన్న అంకెల చుట్టూ అది మరకలు పెడుతుంది. గ్రాఫు గీతలుగానే ఉండాలి, ఎంత పెద్దది చేసినా చెదరకూడదు.

గడువుకు ముందే థీసిస్ చేరింది. అయిదు కాపీలకూ అట్టలు పడ్డాయి.

మనం చెయ్యాల్సింది

ఆ రాత్రి చిక్కు విప్పింది సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం కాదు, అచ్చు పనిలో పండిన ఒక మనిషి వేసిన సరైన ప్రశ్న. బొమ్మ రాకపోతే మనం బొమ్మనే అనుమానిస్తాం. దాన్ని మారుస్తాం, కోస్తాం, మళ్లీ తీస్తాం. చాలాసార్లు లోపం బొమ్మలో ఉండదు. ఆ ఫైలు ఎవరి కోసం సిద్ధమైందో, మనం ఎవరికి పంపుతున్నామో, ఆ రెండింటి మధ్య ఉంటుంది.

చిన్న ఊళ్లనుంచి పరిశోధన చేసేవాళ్లకు పక్కన కూర్చుని చెప్పేవాళ్లు తక్కువ. ఏళ్ల కష్టం ఒక్క మాట వల్ల గడువు దాటిపోకూడదు. అందుకే ఒక విన్నపం. థీసిస్ నమూనా ఫైళ్లు ఇచ్చే డిపార్ట్‌మెంట్లు ఏడాదికొకసారి వాటిని తెరిచి చూసి, కాలం చెల్లిన వరసలు తీసేయాలి. గైడ్లు మొదటి సంవత్సరంలోనే ఒక పూట కూర్చోబెట్టి ఒక బొమ్మను పీడీఎఫ్‌లోకి, కాగితం మీదికి, పత్రికకు పంపడం చేయించాలి. ఈ సంగతులు తెలిసినవాళ్లు తెలుగులో నాలుగు పేజీలు రాసి పెట్టాలి.

రాస్తున్న పిల్లలకు చెప్పేది ఇంతే. మొదటి అధ్యాయం రాసిన రోజే ఒక గ్రాఫు, ఒక ఫొటో పెట్టి, పంపాల్సిన అన్ని రూపాల్లోనూ తీసి చూసుకోండి. అసలు ఫొటోలు, గ్రాఫుల అసలు ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో విడిగా దాచుకోండి. సీనియర్ ఫైలు తీసుకోండి, కానీ ప్రతి వరుసా ఎందుకుందో అడగండి. తప్పు వచ్చినప్పుడు లాగ్‌లో మొదటి ఫిర్యాదు చదవండి, చివరిది కాదు. తరువాతి ఫిర్యాదులు చాలావరకు మొదటి తప్పు వల్ల పుట్టినవే.